గుండీ మీద ఆకాశరామన్న ఉత్తరం

ఆరాగారి ఆఫీసుకి వచ్చేవాళ్ళు మామూలుగా తలుపు తట్టి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు ఏడుస్తారు. ఆ ఉదయం వచ్చినావిడకి అంత ఓపిక లేకపోయింది. మెట్ల మీదనుంచే ఏడుస్తూ వచ్చింది. తట్టడానికి చేతులు ఖాళీ లేక తలుపుని భుజంతో నెట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. ఆమె రెండు చేతుల్లోనూ రంగురంగుల అతుకుల బొంత ఉంది. అందులోంచి గోధుమ రంగు కుక్క ఒకటి తల బయటపెట్టి గదంతా ఒకసారి కలయజూసింది.

"ఇక్కడ ఎవరో ఆయన నిజం కనుక్కుని చెబుతారట గదండీ," అంది ఆమె.

"చెబుతారు. ముందు మీరు కూర్చోండి," అంది మేనకోడలు, కుర్చీ ముందుకి జరుపుతూ.

ఈ మేనకోడలు ఆరాగారి అక్కయ్య కూతురు. ఆయన దగ్గర ఉత్తరాలు టైపు చేస్తుంది, ఫైళ్ళు సర్దుతుంది, ఆయన వెంట తిరిగి నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంటుంది. మామయ్య తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరుకుతుందని నమ్మే రకం. ఆరాగారి అసలు పేరు కింద బోర్డు మీద ఉంది కానీ, దాన్ని చదివినవాళ్ళు తక్కువ. ఇరవయ్యేళ్ళపాటు బీమా కంపెనీలో పనిచేసి, కాలిపోయిన గోడౌన్లూ గుద్దుకున్న కార్లూ నిజమేనా అని ఆరా తీసి తీసి, ఆ పేరే మిగుల్చుకున్నారు. రిటైరయ్యాక ఊరుకోలేక ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచారు.

వచ్చినావిడ లేడీస్ టైలర్. రెండు వీధుల అవతల చిన్న కొట్టు, వెనకే ఒక గది. పన్నెండు రోజుల క్రితం కొట్టు ముందు ఏదో బండి ఈ కుక్కని గుద్ది ఆగకుండా పోయింది. ఆమె మిషన్ మీద పని అలాగే వదిలేసి, చేతికందిన బొంతలో చుట్టుకుని పశువుల క్లినిక్‌కి పరిగెత్తింది. వెనక ఎడమకాలి ఎముక రెండు ముక్కలైందని తేలింది. మూడు రోజులు సెలైన్ పెట్టి అక్కడే ఉంచారు. తర్వాత ఆమె ఇంటికి తెచ్చుకుంది, గుండీ అని పేరు కూడా పెట్టుకుంది. రోజూ పొద్దున్నే క్లినిక్‌లో దిగబెట్టి, కట్టు మార్పించుకుని, కొట్టు తెరిచే వేళకి తెచ్చుకుంటోంది.

"ఎముకకి ప్లేటు వేసి బిగించాలన్నారండీ. నా తాహతుకి మించిన పని. గాయపడ్డ వీధికుక్కలకి సాయం చేసే నిధి ఒకటుందని డాక్టరమ్మే చెప్పింది. దరఖాస్తు పెడితే ఒప్పుకున్నారు. రేపే ఆపరేషన్. నిన్న సాయంత్రం నిధి మేడమ్ పిలిపించి ఇది చేతిలో పెట్టారు."

ఆమె జాకెట్టు జేబులోంచి మడిచిన కాయితాన్నీ ఒక ఫోటోనీ తీసి బల్ల మీద పెట్టింది. ఉత్తరం కంప్యూటర్ మీద కొట్టించినది. మేనకోడలు పైకి చదివింది.

"అమ్మా, మీరు సాయం చేస్తున్న కుక్క వీధికుక్క కాదు. అది టైలరావిడ సొంత కుక్క. పోయిన ఏడాది తీసిన ఫోటో పంపుతున్నాను. ఆ కుక్కకి ప్రాణభయం లేదు. ఆ డబ్బుని నిజంగా ప్రాణం మీదికి వచ్చినదాని కోసం వాడండి. ఆవిడని ఏమీ అనకండి, రెక్కాడితే గాని డొక్కాడని మనిషి. ఇట్లు, ఒక శ్రేయోభిలాషి."

ఫోటోలో గుండీయే ఉంది, సందేహం లేదు. ఇదే బొంత మీద పడుకుని, తలెత్తి, ఫోటో తీసేవాళ్ళ వైపు చూస్తోంది. మెడలో తోలు పట్టా, కాస్త వదులుగా. నడుము నుంచి వెనక భాగమంతా బొంతలోనే ఉంది. ముందుకాళ్ళు రెండూ చాపుకుంది. కుడికాలి మీద పాలిపోయిన మచ్చలు రెండు, ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నగా. బొంత మీద నల్లటి గీతలు వరసగా పడ్డాయి, వాటిలో ఒకటి వంకరగా ఉంది.

"ఈ బొంత మీ కొట్టులోదేనా?" అని అడిగారు ఆరాగారు.

"నేను కుట్టిందేనండీ. అందుకే మేడమ్ నమ్మేశారు. ఇంటి ఓనరుని అడిగితే, ఆయన కుక్క ఎప్పట్నించో ఉందన్నాడట. దాంతో సాయం ఆపేశారు. రేపు దాటితే ఎముక వంకరగా అతుక్కుపోతుందంట, ఇక ప్లేటు వేసి లాభం లేదంట." ఆమె కళ్ళు తుడుచుకుంది. "సంగతి అప్పుడే వీధంతా పాకింది. ఒక కస్టమరు పొద్దున్నే వచ్చి, కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకుపోయింది. కుక్క పేరు చెప్పి డబ్బు కొట్టేసేదానివి నా గుడ్డ మిగల్చవని గ్యారంటీ ఏమిటి అందండీ. పద్దెనిమిదేళ్ళుగా జానెడు ముక్క మిగిలినా చుట్టి ఇచ్చేశాను. ఎవరి ముక్కా ఉంచుకోలేదు. ఈ బొంత కూడా నా పాత బట్టలతోనే కుట్టుకున్నాను."

ఆరాగారు కిందికి వంగి గుండీ తల నిమిరారు. అది ఆయన చెయ్యి నాకింది. ముందుకాళ్ళు కూడా ఒకసారి తడిమి చూసి లేచారు.

"మీకు గిట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"కుక్క వచ్చినప్పట్నించీ ఓనరుగారికి నా పొడ గిట్టడం లేదు. ఇంకెవరూ లేరండీ." ఆమె కాస్త తటపటాయించింది. "మీ ఫీజు..."

"నా చొక్కాలకి కాలర్లు చినిగాయి. తిరగేసి కుట్టిపెట్టండి," అన్నారు ఆరాగారు.

ఆమె వెళ్ళగానే మేనకోడలు నోటుపుస్తకం మూసేసింది. "ఇందులో ఆలోచించడానికేముంది మామయ్యా? ఇంటి ఓనరే."

"ఉత్తరంలో ఒక్క తిట్టుందా?"

"లేదు."

"గిట్టనివాడు రాసిన ఉత్తరంలో ఒక్క తిట్టైనా లేకపోతే, వాడికి గిట్టకపోవడం కూడా సరిగ్గా రాదన్నమాట. పద, వెళ్ళి చూద్దాం."

* * *

ఇంటి ఓనరు మేడ మీద వరండాలో కూర్చుని చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు. సంగతి చెప్పగానే గయ్యిమన్నాడు.

"ఉత్తరమా? నేనా? నాకు చెప్పాలనిపిస్తే వీధి చివరికి వినబడేలా చెబుతాను. స్టాంపుకి డబ్బులు తగలేసుకోవడం దేనికి?"

"కుక్క ఎప్పట్నించో ఉందన్నారట."

"ఉంది మరి. పన్నెండు రోజులు. రాత్రంతా కుయ్యి కుయ్యిమంటుంటే కంటిమీద కునుకు లేనివాడికి పన్నెండు రోజులంటే ఎంతో మీరే లెక్కవేసుకోండి. ఆ మేడమ్ ఎప్పట్నించి అని అడిగింది, నేను ఎప్పట్నించో అన్నాను. ఆవిడ థాంక్స్ చెప్పి పోయింది. అంతే."

మేనకోడలికి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒక మనిషి విసుగులో అన్న మాటతో ఇంకో మనిషి బతుకు బజార్న పడింది. ఆరాగారు ఫోటో ఇచ్చి, చూసి చెప్పమన్నారు. ఓనరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఆ కాలికేమిటి, గజ్జి పట్టిందా? జుట్టు ఊడిపోయిందే."

ఆరాగారు మేనకోడలి వైపు చూశారు. ఆమె ఆ మాట పొల్లుపోకుండా రాసుకుంది, ఎందుకో మాత్రం తెలియలేదు.

అక్కడినుంచి నిధి కార్యదర్శి ఇంటికి వెళ్ళారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. గదిలో దరఖాస్తులన్నీ తేదీల వారీగా దారాలు కట్టి ఉన్నాయి. ఫోటోని ఆవిడ ఒకటికి రెండుసార్లు చూశారు.

"నేనూ ఇష్టపడి ఆపలేదండీ. పదిమంది పంపే డబ్బుతో నడిచే నిధి. నెలకి ఒక్క పెద్ద ఆపరేషన్‌కి సరిపోతుంది. సొంత కుక్కలకి ఇవ్వం. ఆ నియమం నేనే మీరితే రేపు ఎవరికి జవాబు చెప్పుకోను?"

"గుండీకి ఆపేస్తే ఆ సాయం ఎవరికి వెళుతుంది?"

"వరసలో తర్వాతదానికి. వరస తప్పించే ప్రసక్తి లేదు. ఫలానాది ముందు చెయ్యండి, ఫలానాది ముందు చెయ్యండి అని రోజుకొకరు వస్తారు. ఒకసారి ఒప్పుకుంటే, చుట్టాల కుక్కకి ముందు చేయించిందంటారు." ఆవిడ ఫోటో వెనక్కి ఇస్తూ ఆగారు. "అప్పట్లో కాలికి ఏదో చుట్టి విప్పినట్టున్నారు, కదా?"

మేనకోడలు అదీ రాసుకుంది.

* * *

పశువుల క్లినిక్‌కి చేరేసరికి పదకొండయింది. ముందు గదిలో బెంచీల మీద పిల్లులూ కుక్కలూ వాటి యజమానులూ ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నారు. గోడకి మేకుల వరస, వాటికి మర్చిపోయిన మెడపట్టాలూ గొలుసులూ వేలాడుతున్నాయి. లోపల బల్ల దగ్గర జుట్టు నెరిసిన కాంపౌండర్ ఒక బొచ్చుకుక్కని చంకలో ఇరికించుకుని, దాని ముందుకాలి మీద వెంట్రుకలు చిన్న మిషన్‌తో గీస్తున్నాడు. చూపు కుక్క ముఖం మీద ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

"ఎందుకు గీయడం?" అంది మేనకోడలు.

"నరం కనబడాలి కదమ్మా. సెలైన్ ఎక్కించాలన్నా, మత్తు ఇవ్వాలన్నా, రక్తం తీయాలన్నా ముందు ఇక్కడ గీయాల్సిందే."

"ఎన్నేళ్ళుగా ఉన్నారిక్కడ?" అని ఆరాగారు అడిగారు.

"ముప్పై ఒకటండీ. నిద్రలో దుప్పటి కూడా గీసేస్తున్నానని మా ఆవిడ అంటుండేది. పోయి రెండేళ్ళయింది."

ఆరాగారు ఫోటో చూపించారు. "ఇందులో ఏమైనా తేడాగా ఉందా, చూసి చెప్పండి."

కాంపౌండర్ ఫోటోని చాలాసేపు పట్టుకున్నాడు. "మామూలుగానే ఉందండీ," అని తిరిగి ఇచ్చేశాడు. ఆ చంకలో కుక్క ఒకసారి మొరిగింది. అతను దాని చెవి వెనక గోకి మళ్ళీ పనిలో పడ్డాడు.

డాక్టరమ్మ ముప్పై దాటని మనిషి, మాటలో నాన్చుడు లేదు. వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ నాలుగు బోనులు, తూర్పు గోడకి ఊచల కిటికీ. చివరి బోనులో ఒక ముసలి నల్లకుక్క పక్కకి ఒరిగి పడుకుని ఉంది. కాలికి సెలైన్ ఎక్కుతోంది. మనుషులొచ్చినా తలెత్తలేదు, కళ్ళు మాత్రం తిప్పింది.

"దీనికేమైంది?" అంది మేనకోడలు.

"గర్భసంచిలో చీము. పది రోజుల క్రితం ఎవరో గేటుకి కట్టేసి పోయారు. ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. దీనికీ దరఖాస్తు పెట్టాం, వరసలో రెండోది. నెల మారాలంటే ఇంకా తొమ్మిది రోజులుంది." ఆమె గొంతు తగ్గింది. "తొమ్మిది రోజులు ఆగదండీ. నాలుగైతే గొప్ప. నా ఫీజు ఎప్పుడో వదిలేశాను. మత్తుమందూ ఇంజెక్షన్లూ మా పెరట్లో కాయవు కదా. ఈ నెల ఇప్పటికే రెండు నా చేతి డబ్బుతో చేశాను."

"దీని పేరు?"

"పెద్దమ్మ. మా కాంపౌండర్ పెట్టాడు."

"మీరెన్నింటికి వస్తారు డాక్టరమ్మా?"

"పదింటికి. ఆయనైతే ఆరున్నరకే వచ్చి తలుపులు తీసి, బోనులు కడిగి, కట్లు మార్చేస్తాడు."

ఆరాగారు కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచల్ని ఒక్కొక్కటే తట్టారు. బయటికి వచ్చి తలవంచుకుని నడిచారు. మేనకోడలు ఉండబట్టలేకపోయింది.

"దొరికాడా మామయ్యా?"

"దొరికాడు. దొరక్కపోయినా బాగుండునమ్మా," అన్నారు ఆయన. "రేపు పొద్దున ఏడున్నరకి అందరినీ క్లినిక్ వెనక గదికి రమ్మని చెప్పు. డాక్టరమ్మని కూడా. గుండీని తప్పకుండా తెమ్మను, బొంతతో సహా."

* * *

మర్నాడు ఏడున్నరకి అందరూ చేరారు. డాక్టరమ్మ ఇంకా కాఫీ తాగలేదని ముఖమే చెబుతోంది. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇంటి ఓనరుని ఎవరూ పిలవలేదు, అయినా వచ్చాడు. కుక్క లేని ఇంట్లో నిద్రపోవచ్చు కదా అంటే, ఏం జరుగుతుందో తెలియకుండా నిద్రెలా పడుతుందన్నాడు. కాంపౌండర్ పెద్దమ్మ బోను పక్కన నిలబడ్డాడు. టైలరావిడ గుండీని గుండెలకి హత్తుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇలా రామ్మా. బొంత కిటికీ ముందు పరిచి గుండీని పడుకోబెట్టు," అన్నారు ఆరాగారు.

ఆమె అలాగే చేసింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి బొంత మీద పడింది. ఊచల నీడలు నల్లటి గీతలుగా వరసగా పరుచుకున్నాయి. మేనకోడలి చేతిలో ఫోటో ఉంది. ఆమె ఒకసారి ఫోటో వైపూ ఒకసారి బొంత వైపూ చూసింది. వరసలో నాలుగో ఊచ వంగి ఉంది, దాని నీడా వంకరగా ఉంది.

"మామయ్యా, ఈ గీతలు బొంత డిజైన్ అనుకున్నాను," అంది మెల్లగా.

"అందరం అలాగే అనుకుంటాం. అతుకుల బొంతలో ఏ గీత ఎక్కడిదో ఎవరు చూస్తారు? మేడమ్, ఈ ఫోటో టైలరావిడ ఇంట్లో తీసింది కాదు. ఈ గదిలో, ఈ కిటికీ ముందు, ఈ వేళప్పుడు తీసింది. ఇంకో గంటలో ఎండ ఇక్కడినుంచి తప్పుకుంటుంది."

హెడ్మిస్ట్రెస్ ఫోటో తీసుకుని బొంత పక్కన పెట్టి చూశారు. "ఈ గదిలోనే కావచ్చు. పోయిన ఏడాది కూడా ఆవిడ కుక్కని ఇక్కడికి తెచ్చి ఉండవచ్చు కదా?"

"మంచి ప్రశ్న. డాక్టరమ్మా, గుండీ కుడి ముందుకాలు చూడండి."

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. గోధుమరంగు బొచ్చులో రెండు చోట్ల వెంట్రుకలు గరుగ్గా పొట్టిగా ఉన్నాయి. "సెలైన్ కోసం గీసింది. మొదటి రోజు నరం దొరక్క సూది జారిపోయింది. పైన ఇంకోసారి సన్నగా గీయాల్సి వచ్చింది. నాకు గుర్తుంది."

"ఇప్పుడు ఫోటో చూడండి."

ఆమె చూసింది. వెడల్పుగా ఒకటి, సన్నగా ఒకటి, అదే కాలు, అవే చోట్లు, అప్పుడే గీసినంత నున్నగా. "ఇది నేను సూది పెట్టిన కాలే. గీసి వారం రోజులు కూడా కాకముందే తీసిన ఫోటో. పోయిన ఏడాది ఏమిటి?"

టైలరావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులో ముందురోజు లేనిదేదో ఉందని మేనకోడలికి అనిపించింది.

"విరిగిన కాలు కనబడకుండా బొంత కప్పి, గోడకున్న పట్టాల్లో ఒకటి మెడకి వేసి తీశారు. ఆ పట్టా పెద్ద కుక్కది, అందుకే వదులుగా ఉంది," అన్నారు ఆరాగారు. "ఇంత జాగ్రత్తపడ్డ మనిషి, బోడి ముందుకాలిని మాత్రం అలాగే వదిలేశాడు. ఎందుకు? ఓనరుగారు చూడగానే గజ్జి అన్నారు. మేడమ్ ఏదో చుట్టి విప్పారన్నారు. మా మేనకోడలు మచ్చలనుకుంది. పెంపుడు కుక్క కాలు అలా ఉండదని ప్రతివాళ్ళకీ తట్టింది. నేను అడిగినవాళ్ళలో ఒక్కరే మామూలుగా ఉందన్నారు."

ఎవరూ పేరు అడగలేదు. ఆరాగారు కూడా అటు చూడకుండానే మాట్లాడారు.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా తన చేతి కిందికి వచ్చిన ప్రతి కుక్కకీ ముందుకాలు బోడే. ఆయన కంటికి కుక్కంటే అలాగే ఉంటుంది. పొద్దున్నే గుండీని ఎవరి చేతిలో పెట్టి వెళ్ళేవారో టైలరావిడకి తెలుసు. పదింటిలోపు ఈ గదిలో ఇంకెవరూ ఉండరు. ఉత్తరం కూడా చదివిచూడండి. ఆవిడని ఏమీ అనకండి అని రాసింది పగవాడు కాదు. ప్రాణం మీదికి వచ్చినదాని కోసం వాడండి అని వేడుకున్నాడు. ఆ ప్రాణి కూడా ఈ గదిలోనే ఉంది."

కాంపౌండర్ బోను ఊచ పట్టుకుని నిలబడ్డాడు. కాదని బుకాయించలేదు.

"నేనేనండీ," అన్నాడు. "పదిరోజులు దాని పక్కనే కూర్చున్నాను. అన్నం తినిపిస్తే నా ముఖం చూసి ఒక ముద్ద తిని కక్కేసేది. మేడమ్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను, వరస వరసే అన్నారు. ఈ అమ్మాయి కుక్క ఎటూ చావదు, కాలు పోతే పోతుంది అనుకున్నాను. సాయం ఆగితే చాలు, ఈ పిల్ల మీద మాట పడకూడదని అందుకే ఆ ముక్క రాశాను. రాస్తే సరిపోతుందనుకున్నాను. కొట్టు దాకా వెళుతుందని, గుడ్డలు వెనక్కి పట్టుకుపోతారని అనుకోలేదు."

"ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడతాను," అంది డాక్టరమ్మ. ఆమె కళ్ళలో కూడా నీళ్ళు తిరుగుతున్నాయి, దాంతో కోపం సరిగ్గా కుదరలేదు.

హెడ్మిస్ట్రెస్ లేచి టైలరావిడ దగ్గరికి వెళ్ళారు. "తప్పు నాదమ్మా. ఒక్క మాట విని నమ్మేశాను. ఇవాళే మీ కొట్టుకి వచ్చి అందరి ముందూ చెబుతాను. ఆపరేషన్ అనుకున్నట్టే ఇవాళ చేయిద్దాం."

"వీధిలో చెప్పే పని నాకొదిలేయండి," అన్నాడు ఇంటి ఓనరు. "నా గొంతు సంగతి అందరికీ తెలుసు."

టైలరావిడ వాళ్ళిద్దరి మాటా వినిపించుకున్నట్టు లేదు. కాంపౌండర్ ముందుకి వెళ్ళి నిలబడింది.

"రోజూ పొద్దున్నే వస్తున్నాను గదా బాబాయ్. ఒక్కసారి నన్ను అడగొచ్చుగా?"

"ఏమని అడగనమ్మా? నీ కుక్క కాలు ఇచ్చెయ్యమనా?"

"ఆ. అదే అడగాల్సింది."

ఆమె బోను ముందు కూర్చుంది. పెద్దమ్మ కళ్ళు ఆమె వైపు తిరిగాయి. తోక కొస ఒకసారి నేలని తాకి ఆగిపోయింది. ఆమె ఊచల్లోంచి వేలు పెట్టి దాని నుదురు రాసింది. అలా ఎంతసేపు కూర్చుందో, ఎవరూ తొందరపెట్టలేదు.

"డాక్టరమ్మా, గుండీకి ప్లేటు వేయకుండా కాలు తీసేస్తే ఖర్చెంత తగ్గుతుంది?"

"సగానికి పైగా తగ్గుతుంది. ఖరీదంతా ప్లేటుదీ స్క్రూలదీనే," అంది డాక్టరమ్మ. తర్వాత ఆమె అడుగుతున్నదేమిటో తెలిసి లేచి నిలబడింది. "బాగా ఆలోచించండి. నిలబెట్టగలిగిన కాలు అది. తీసేస్తే మళ్ళీ రాదు. నిన్న మిమ్మల్ని దొంగన్నారు. ఇవాళ మీరిలా చేయక్కర్లేదు."

"నాకూ తెలుసండీ. నాకు ఇష్టమైతే కాదు. కానీ ఇది మూడు కాళ్ళతో పరిగెత్తేస్తోంది, ఆపడం నా వల్ల కావడం లేదు. నాలుగో కాలు లేకపోతే బాధపడేది నేనేనేమో, అది కాదేమో. ఆ ముసల్దాన్ని చూశాక కూడా నా కుక్క అందంగా నడవాలని పట్టుబట్టలేను."

అందరూ హెడ్మిస్ట్రెస్ వైపు చూశారు. ఒకదానికి మంజూరైన డబ్బు రెండోదానికి పోతుందంటే ఆవిడ ఏమంటారోనని మేనకోడలు పెన్ను బిగించి పట్టుకుంది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వరసలో మొదటిది గుండీ. దాని ఆపరేషన్‌కి మంజూరు చేస్తున్నాను. ఏ ఆపరేషన్ అన్నది డాక్టరూ, తెచ్చినవాళ్ళూ తేల్చుకోవాలి. మిగిలింది వరసలో రెండోదానికి వెళుతుంది." కళ్ళజోడు పెట్టుకున్నారు. "నా వరస తప్పలేదు."

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ముందు పెద్దమ్మది, తర్వాత గుండీది అని వెళుతూనే చెప్పింది. ఓనరు ముందు గదిలోకి పోయి, అప్పుడే వచ్చి కూర్చున్న పిల్లి యజమానితో కథంతా మొదటినుంచి మొదలుపెట్టాడు.

* * *

పెద్దమ్మ ఆపరేషన్‌కి గంటన్నర పట్టింది. బయట బెంచీ మీద టైలరావిడ గుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆరాగారు వెళ్ళిపోదామని లేచి మళ్ళీ కూర్చున్నారు. మేనకోడలు నోటుపుస్తకం తెరిచి, ఏమీ రాయలేక మూసేసింది.

"మామయ్యా, నువ్వు నిన్న ఊరుకుంటే గుండీకి ఆ కాలు ఎలాగూ పోయేది," అంది చిన్నగా. "ఇవాళా పోతోంది. మనం చేసిందేమిటి?"

"నిన్నైతే లాక్కునేవాళ్ళు," అన్నారు ఆరాగారు. "ఇవాళ ఆవిడ ఇస్తోంది." ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు.

తలుపు తెరుచుకుంది. కాంపౌండర్ బయటికి వచ్చాడు. పెద్దమ్మ బతికిందని చెప్పాడు. చెప్పి, అక్కడే నిలబడిపోయాడు. గుండీని తీసుకోవడానికే వచ్చాడని అందరికీ తెలుసు, కానీ అతను చేతులు చాచలేకపోయాడు. "ఇంకెవరినైనా పంపమంటావా అమ్మా?" అన్నాడు.

"నీ మీద నాకు కోపం పోలేదు బాబాయ్. రేపటికి కూడా పోదు," అంది టైలరావిడ. లేచి, బొంతలో చుట్టిన గుండీని అతని చేతుల్లో పెట్టింది. పెట్టి, తన చేతుల్ని వెంటనే తియ్యలేదు.

"గట్టిగా పట్టుకో. మత్తు దిగి కళ్ళు తెరిచేదాకా పక్కనే ఉండు," అంది. "నాకు మూడు కాళ్ళతో తెచ్చి ఇవ్వు."